పది లక్షల కార్డా, లక్ష బీమానా?

ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. గుండె ఆపరేషన్‌కైతే అది కొండంత అండ. ఆటిజం ఉన్న పిల్లాడికి కావలసింది మాత్రం వారం వారం స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా ఇచ్చే శిక్షణ). ఆ కార్డేమో ప్రధానంగా ఆసుపత్రిలో చేరేవారికి.

ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్రం తరఫున నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా లక్షే. కానీ అందులో థెరపీకి కొంత పరిమితి మేరకు డబ్బు వస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలూ అక్కర్లేదు. చిక్కల్లా రసీదులతోనే: ముందు మనం కట్టి, ఒక్కో సెషన్ బిల్లూ ఫైల్లో దాచుకుని, తర్వాత క్లెయిమ్ పెట్టాలి.

సభల్లో చప్పట్లు పది లక్షలకే పడతాయి. నేనైతే ముందు నిరామయకే దరఖాస్తు పెడతాను.