కాళోజీ మాటల బోర్డులు: నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి ప్రింటింగ్ షాపు

సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. అంతకు ముందు వారం ఇక్కడ బడుల ఆర్డర్ల రద్దీ ఎక్కువ, కాబట్టి ముందే ఇవ్వాలి. ఫ్లెక్స్ వద్దు, సన్‌బోర్డు (ఫోమ్‌తో చేసిన గట్టి పలక) తీసుకోండి. 2×3 అడుగులకు 5 ఎంఎం మందం కావాలి. 3 ఎంఎం అయితే ఎండకు విల్లులా వంగుతుంది. లామినేషన్ మ్యాట్‌దే మేలు, గ్లాసీ మీద ట్యూబ్‌లైటు పడితే అక్షరం కనబడదు.

అసలు చిక్కంతా అక్షరాల దగ్గరే. 'ఒక్క సిరాచుక్క లక్ష మెదళ్లకు కదలిక'. ఐదే మాటలు, కానీ అందులో క్క రెండుసార్లు, ఒక క్ష, ఒక ళ్ల. మనం వాట్సాప్‌లో పంపేది యూనికోడ్ (ఫోన్లలో వాడే మామూలు తెలుగు), చాలా షాపుల్లో వాడేది అను ఫాంట్లు (యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లు). మార్చకుండా అతికిస్తే ఒత్తులు చెదిరిపోతాయి. ఇక్కడి డిజైనర్ మళ్లీ టైపు చేసి, కాగితం మీద ప్రూఫ్ ఇస్తాడు. ఈ ఒక్క పనికే ఇక్కడికి రావచ్చు.

రెడీమేడ్ డిజైన్లు మాత్రం అంతంతే. 'పుట్టుక నీది, చావు నీది, బతుకంతా దేశానిది' పక్కన కాళోజీ బొమ్మ పెట్టి, అది ఆయన గురించే అన్నట్టు చేశారు. కాళోజీ దాన్ని రాసింది లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ గురించి. కింద ఆ ముక్క వేయించండి, అడిగితే వేస్తారు.

షాపువాళ్లిచ్చే డబుల్ టేపు సున్నం గోడకు ఆగదు, పొరతో సహా ఊడొస్తుంది. నాలుగు మూలలా వాషర్లతో స్క్రూలు బిగించాలి. మరీ గట్టిగా తిప్పితే లోపలి ఫోమ్ నొక్కుకుపోతుంది.