బోర్డు లేని షెడ్డు, వేలెడంత వాల్వు

మాది తెనాలి. డోలు వాయిస్తాను. మా మేళంలో నలుగురం ఉంటాం. ఇద్దరు నాదస్వరం, ఒక డోలు, శ్రుతి చూసుకునే కుర్రాడు ఒకడు. పెళ్లిళ్ల సీజన్‌లో మా నలుగురినీ, వాద్యాలనూ మోసేది నా 2013 మోడల్ పెట్రోలు సెడాన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే జరిగినదాంట్లో బండి తప్పు పెద్దగా లేదు. నా తప్పు ఎక్కువ, నేను నమ్మిన మనిషి తప్పు కొంత.

ఈ రివ్యూ విజయవాడ ఆటోనగర్‌లోని ఒక మెకానిక్ షెడ్డు గురించి. షెడ్డుకు బోర్డు లేదు. ఒక లేత్ షాపు పక్కన, వేపచెట్టు కింద, నాలుగు రేకులు వేసి ఉంటుంది. లోపల రెండు బండ్లు పడతాయి. మూడోది వస్తే రోడ్డు మీదే.

ముందు బండికి ఏమైందో చెప్పాలి. శ్రావణంలో ఒక రాత్రి విజయవాడలో మేళం ముగించుకొని, తెల్లవారుజామున గుంటూరులో ఇంకో ముహూర్తం ఉందని హైవే ఎక్కాం. కాజ టోల్‌గేటు దాకా బండి బంగారంలా వచ్చింది. గేటు దగ్గర వేగం తగ్గించి క్లచ్ తొక్కగానే ఒళ్లంతా జ్వరం వచ్చినట్టు వణికింది. ఆర్‌పీఎం ముల్లు 800 దగ్గర నిలవాల్సింది, 500 కిందికి జారి ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడు. మళ్లీ స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు వణికి సర్దుకుంది. మీటరులో పసుపు ఇంజన్ లైట్ మాత్రం వెలిగి అలాగే ఉండిపోయింది. తర్వాత వారమంతా ఇదే వరస. రోడ్డు మీద పరుగులో ఏమీ ఉండదు, సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, వణుకు. ముహూర్తం టైముకి చేరతామో లేదోనని టెన్షన్ వేరే.

గుంటూరులో ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించాను. ఏసీ గది, కాఫీ మిషన్, అన్నీ ఉన్నాయి. స్కానర్ పెట్టి కోడ్ తీశారు: పీ డబల్ జీరో డబల్ వన్. ఇన్‌టేక్ క్యామ్, అంటే గాలి వచ్చే వాల్వులను తెరిచే ఇరుసు, ఉండాల్సినదానికంటే ముందుకు జరిగి ఉందని దాని అర్థమట. క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైను, క్యామ్ కొసన ఉండే ఫేజరు రెండూ మార్చాలి, ఇంజన్ విప్పాలి, నాలుగు రోజులు పడుతుంది, 38 వేలు అన్నారు. బండి పక్కకు తీసి ఇంజన్ శబ్దం విన్నవాళ్లు లేరు. ఆయిల్ పుల్ల తీసి చూసినవాళ్లూ లేరు. శ్రావణంలో నాలుగు రోజులు బండి లేకపోతే నేను అడ్వాన్సులు వెనక్కి ఇచ్చుకోవాలి. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను.

మా నాదస్వరం బావ ఈ షెడ్డు సంగతి చెప్పాడు. పొద్దున్నే తొమ్మిదికి వెళ్తే తాళం. పదిన్నరకు వచ్చాడు పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. కాఫీ మిషన్ లేదు సరే, కూర్చోడానికి ఉన్న ఒక్క కుర్చీకి ఒక కాలు పొట్టి. మూడు గంటలు దాని మీదే ఊగాను.

ఆయన చేసిన మొదటి పని ఆయిల్ పుల్ల తీసి వేళ్ల మధ్య రాసి చూడటం. రెండోది ఒక ప్రశ్న.

"ఏ ఆయిల్ పోయించారు మాస్టారూ?"

చెప్పాను. మా వైపు ఒక మెకానిక్ "మన ఎండలకు చిక్కటి ఆయిలే బలం" అని 20డబ్ల్యూ-50 పోశాడు. బండి పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని రాసి ఉంది. నేను చదవలేదు. పైగా పదివేలకు మార్చాల్సినదాన్ని పద్నాలుగు వేల కిలోమీటర్లు లాగాను. పెద్దాయన ఏమీ అనలేదు, ఆయిల్ అంటిన వేళ్లు గుడ్డకు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడంలోనే నాకు పడాల్సిన తిట్లు పడ్డాయి.

తర్వాత బల్ల కిందనుంచి ఒక ఇనపముక్క తీసి నా చేతిలో పెట్టాడు. తుక్కులో దొరికిన పాత ఫేజరు, సగానికి కోసి పెట్టుకున్నాడు. బయట పళ్ల చక్రం ఉన్న డబ్బా, లోపల నాలుగు రెక్కల పువ్వు లాంటి ముక్క. పళ్ల చక్రాన్ని చైను తిప్పుతుంది. లోపలి పువ్వు క్యామ్ షాఫ్ట్‌కు బిగించి ఉంటుంది. రెండూ కలిసే తిరుగుతాయి, కానీ డబ్బాలో పువ్వు అటూ ఇటూ కొంచెం కదలడానికి చోటుంది. ఆ చోట్లో ఇంజన్ ఆయిల్ నిండుతుంది. రెక్కకు ఒక వైపు ఆయిల్ తోస్తే క్యామ్ చైను కంటే కొద్దిగా ముందుకు జరుగుతుంది, రెండో వైపు తోస్తే వెనక్కి. క్యామ్ జరిగితే వాల్వులు తెరుచుకునే వేళ జరుగుతుంది. వేరియబుల్ వాల్వ్ టైమింగ్, వీవీటీ అని బండి వెనక రాసుకునేదంతా ఈ కాస్త జరుగుడే.

ఇదెందుకు అని అడిగాను. ఆయన చెప్పింది నాకు నా లెక్కలో అర్థమైంది, అలాగే చెప్తాను.

పెళ్లిలో బంతి భోజనాలు చూస్తూనే ఉంటాం కదా. ఒక బంతి లేస్తుంది, ఇంకో బంతి కూర్చోవాలి. హాలుకు రెండు తలుపులు, ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి. ఇంజన్‌లో సిలిండర్ ఆ హాలు. కాలిన పొగ వెళ్లే తలుపు ఎగ్జాస్ట్ వాల్వు, కొత్త గాలి పెట్రోలుతో వచ్చే తలుపు ఇన్‌టేక్ వాల్వు. జనం తీరిగ్గా నడుస్తున్నప్పుడు రెండు తలుపులూ ఒకేసారి తీసి ఉంచారనుకోండి, లేచినవాళ్లు వచ్చే తలుపులోనే ఎదురొచ్చి కూర్చోవాల్సినవాళ్లకు అడ్డం పడతారు. బండి నిలబడి ఇంజన్ తిరుగుతున్నప్పుడు, అంటే ఐడిల్‌లో, జరిగేది అదే. పొగ ఇన్‌టేక్ వైపు వెనక్కి పోయి కొత్త గాలిలో కలిసిపోతుంది, మంట సరిగ్గా అంటుకోదు, బండి వణుకుతుంది. అందుకే ఐడిల్‌లో రెండు తలుపులూ కలిసి తెరిచి ఉండే సమయం బాగా తక్కువ ఉండాలి. దారిలో, మామూలు వేగంలో, ఆ కలిసే సమయాన్ని పెంచితే మేలు. వెళ్లేవాళ్లు ఊపుగా వెళ్తుంటే ఆ ఊపుకే వెనకవాళ్లు లోపలికి వస్తారు. పికప్పూ వస్తుంది, మైలేజీ వస్తుంది.

బాగా వేగంలో ఇంకో చిక్కు. 800 ఆర్‌పీఎంలో పిస్టన్ ఒకసారి పైనుంచి కిందికి రావడానికి సెకనులో వెయ్యోవంతులు ముప్పై ఏడున్నర పడతాయి. 6000లో అయిదే. ఆ అయిదులో గాలి లోపలికి నిండాలి. అయితే అంత వేగంగా వస్తున్న గాలికి ఊపు ఉంటుంది, పిస్టన్ తిరిగి పైకి లేవడం మొదలుపెట్టినా ఇంకా లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది. కాబట్టి అప్పుడు ఇన్‌టేక్ తలుపు కాస్త ఆలస్యంగా మూయాలి. అదే ఆలస్యం నెమ్మది వేగంలో చేస్తే వచ్చిన గాలి వెనక్కి పోతుంది. పాతకాలం ఇంజన్‌లో ఒకే టైమింగు కనుక దేనికో ఒకదానికి రాజీ పడాలి. మాలో అనాగతంలో ఎత్తుకునే కీర్తనలు ఉంటాయి, తాళం దెబ్బ పడ్డాక కాస్త ఆగి పాట మొదలవుతుంది. తాళం మారదు, ఎత్తుకునే చోటు మారుతుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్, తాళం అనుకుంటే, క్యామ్ ఆ ఎత్తుగడను నిమిషానికోసారి మార్చుకుంటుందన్నమాట. నాకిది విని ముచ్చటేసింది.

వీటెక్ అంటే ఇదేనా అన్నాను, తెలిసినట్టు. కాదన్నాడు. హోండా 1989లో ఇంటెగ్రాలో తెచ్చిన వీటెక్ వేరే ఉపాయం. అందులో క్యామ్ మీద వాల్వును నొక్కే ఉబ్బులు రెండు రకాలు ఉంటాయి, వేగం పెరిగాక ఆయిల్ ఒత్తిడితో ఒక పిన్ను తోసుకుపోయి పెద్ద ఉబ్బును పనిలోకి తెస్తుంది. వాల్వు ఎక్కువ లోతుగా, ఎక్కువసేపు తెరుచుకుంటుంది. 1600 సీసీ ఇంజన్‌తో 160 హార్స్ పవర్ తీశారు దాంతో. ఫేజరుది వేళ మార్చే పని, వీటెక్‌ది ఎంత తెరవాలో కూడా మార్చే పని. కొన్ని ఐ-వీటెక్ ఇంజన్లలో రెండూ ఉంటాయి. అసలు ఉత్పత్తి కార్లలో వేళ మార్చడం మొదలైంది 1980లో ఆల్ఫా రోమియో స్పైడర్‌తో. ఇదంతా ఆయన పానా తిప్పుతూనే చెప్పాడు.

ఇక నా బండి సంగతి. ఫేజరులోకి ఆయిల్‌ను ఏ వైపు పంపాలో చూసుకునేది ఒక చిన్న వాల్వు. ఓసీవీ, అంటే ఆయిల్ కంట్రోల్ వాల్వు అంటారు, కొందరు వీవీటీ సోలనాయిడ్ అంటారు. ఇంజన్ పైన, ఒకే ఒక్క 10 నంబరు బోల్టుతో బిగించి ఉంది. విప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బొటనవేలంత లావు, వేలెడంత పొడవు. దాని ఒంటికి సన్నని జాలీ చుట్టి ఉంది. ఎండలోకి పట్టి చూపించాడు. జాలీలోంచి వెలుగు రావాలి, నల్లగా కాటుక మెత్తినట్టు ఉంది. వేలితో రాస్తే కాటుకలాగే అంటింది. కాలిన ఆయిల్ మడ్డి అది.

మీటరు పెట్టి కాయిల్ చూశాడు, 7 ఓమ్‌లకు కాస్త పైన చూపించింది. కాయిల్ బాగుందన్నాడు. తర్వాత పాత బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి ఒక్క క్షణం తాకించాడు. లోపల చిన్న కడ్డీ ఒకటి టక్కుమని జరగాలట. మాది జరిగింది, కానీ మూలిగినట్టు. వైరు తీసేశాక వెనక్కి రావడం ఇంకా ఆలస్యం. డోలు వాయించేవాడికి ఆ ఆలస్యం వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"అదిగో, అక్కడే నీ టోల్‌గేటు" అన్నాడు. అప్పటిదాకా మాస్టారూ, మీరు అన్న మనిషి ఒక్కసారి నీ అన్నాడంటే పని దొరికిన ఉత్సాహం అని అర్థమైంది. హైవే మీద బండిలోని కంప్యూటర్ క్యామ్‌ను ముందుకు జరిపి పెట్టింది. గేటు దగ్గర వెనక్కి రమ్మంది. కడ్డీ మడ్డిలో ఇరుక్కుని రాలేదు. తలుపులు రెండూ తెరిచే ఉన్నాయి, బంతి తొక్కిసలాట. చైను, ఫేజరు పాడైతే స్టార్ట్ చేయగానే ముందువైపు గరగరమని శబ్దం వస్తుందట, మాకది లేదు.

క్లీనర్ స్ప్రే కొట్టి, ఒక గిన్నెలో నానబెట్టి, జాలీని గీకకుండా బ్రష్షుతో మెల్లగా కడిగాడు. గీకితే జాలీ చిరిగి ముక్కలు లోపలికి పోతాయట. మళ్లీ వైరు తాకించాడు. టక్. తీశాడు. టక్. మధ్యలో ఖాళీ లేదు. పాత ఆయిల్ దించి, కొత్త ఫిల్టరు వేసి, 5డబ్ల్యూ-30 పోశాడు. చిక్కటి ఆయిల్ ఆ సన్నని దారుల్లో చురుగ్గా పోలేదని, ఈ ఇంజన్లకు ఆయిల్ అంటే జిడ్డు కోసమే కాదని, పనిచేసే చెయ్యి కూడా అదేనని చెప్పాడు. స్కానర్‌లో రెండు అంకెలు పక్కపక్కనే చూపించాడు. పొద్దున ఐడిల్‌లో కంప్యూటర్ అడిగింది 0 డిగ్రీలు, క్యామ్ ఉన్నది 14. ఇప్పుడు 0కి 0. రేజ్ చేస్తే 20 అడిగింది, 20కి వెళ్లింది, కాలు తీయగానే దిగింది.

మొత్తం 3,900 అయ్యింది. కొత్త ఓసీవీ వేయమంటే 4,200 అదనం అయ్యేది, అక్కర్లేదని ఆయనే అన్నాడు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఆయిల్ మార్చమన్నాడు, మిగిలిన మడ్డి కూడా దిగిపోవాలని. అది విడిగా ఇచ్చుకున్నాను.

ఇప్పుడు బాగోలేనివి. ఫోన్ ఎత్తడు. బిల్లు ఇవ్వడు, క్యాలెండరు కాగితం వెనక కూడిక వేసి ఇస్తాడు. డ్రైవరు సీటు మీద నల్లటి అరచెయ్యి ఒకటి అచ్చు పడింది, అది ఇంకా పోలేదు. అన్నిటికంటే పెద్దది, వాల్వు తిరిగి బిగించేటప్పుడు పాత రబ్బరు రింగే వేశాడు. పదేళ్లు వేడిలో ఉడికిన రింగు. వారానికి అక్కడ ఆయిల్ చెమర్చి, వేడి ఇంజన్ మీద పడి కమురు వాసన. పెళ్లికొడుకు తరపువాళ్లను కారులో ఎక్కించుకున్న రోజే అది మొదలైంది. మళ్లీ తెనాలి నుంచి విజయవాడ. "పొరపాటే, కొత్తది వేయాల్సింది" అని ఒప్పుకుని, రింగు మార్చి పైసా తీసుకోలేదు. కానీ నా పూట పోయింది. ఆ పూటకు డోలు మూత మార్పించుకుందామని అనుకున్నాను.

అయిదుకు నాలుగు చుక్కలు. ఆ రింగుకు ఒకటి కోశాను. వెళ్లేవాళ్లు పదిన్నర తర్వాత వెళ్లండి, పుస్తకంలో ఏ ఆయిల్ రాసి ఉందో చూసుకుని వెళ్లండి, రింగులన్నీ కొత్తవి వేయమని ముందే చెప్పండి. కుర్చీని గోడకు ఆనించుకుంటే ఊగదు.