మధుమేహానికి తోడుమందుగా మెంతులా, కాకరా, పొడపత్రా: ఏది మేలు?

ఇంట్లో ఒకరికి మధుమేహం ఉందని తేలిన నాలుగు రోజుల్లోనే చుట్టపక్కాలు తలా ఒక చెట్టుమందు చెబుతారు. ఒకరు నానబెట్టిన మెంతులు తినమంటారు, మరొకరు పరగడుపున కాకరరసం తాగమంటారు, ఇంకొకరు పొడపత్రి చూర్ణం పొట్లం తెచ్చి చేతిలో పెడతారు. టైప్ 2 మధుమేహానికి డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటూనే, వాటికి తోడుగా ఏదైనా వాడదలచినవారు ఈ మూడింటిలో దేన్ని ఎంచుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న. మాత్రలు మానేసి మూలికతోనే సరిపెట్టుకోవడం ఈ పోలికలోకి రాదు. ఇక ఒంట్లో ఇన్సులిన్ తయారవని టైప్ 1 ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదకు వస్తుంది.

నా మొగ్గు మెంతుల వైపే. మెంతులను రాత్రి నీళ్లలో వేసి ఉంచితే తెల్లారేసరికి గింజ ఉబ్బి, చుట్టూ జిగురు పడుతుంది. ఆ జిగురులో ఉన్నది గెలాక్టోమన్నన్ అనే కరిగే పీచు. అది కడుపులో అన్నంతో కలిసి, పిండిపదార్థం చక్కెరగా మారి రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి నానిన నీళ్లు మాత్రం తాగి గింజలు పారబోసేవారు అసలు సరుకును వదులుకుంటున్నట్టే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1980లు, 90లలో మధుమేహులకు మెంతులు ఇచ్చి చూసినప్పుడు చక్కెరతోపాటు కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. అయితే వారు టైప్ 2 రోగులపై వాడిన మోతాదు రోజుకు 25 గ్రాములు. మనం వేసుకునే ఒక చిన్న చెంచా నాలుగు గ్రాములకు మించదు. చెంచాడు తిని ఫలితం లేదనుకునేవారు ఈ లెక్క గమనించాలి. అంత మోతాదు ఒక్కసారిగా మొదలుపెడితే కడుపుబ్బరం, విరేచనాలు తప్పవు గనుక, కొద్దికొద్దిగా పెంచుతూ పొడిని మజ్జిగలోనో రొట్టెల పిండిలోనో కలుపుకోవడం మంచిది. గర్భిణులు, వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవారు ఈ మోతాదు జోలికి పోకూడదు.

కాకరకు పేరు ఎక్కువ, ఆధారం తక్కువ. అందులోని చరాంటిన్ వంటి పదార్థాలకు చక్కెరను తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో తేలినా, మనుషులపై జరిగిన పరీక్షలను వైద్య పరీక్షల ఫలితాలను కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2012లో సమీక్షించి, మధుమేహానికి దాన్ని సిఫారసు చేయడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. కూరగా కాకర నిక్షేపంలా తినవచ్చు, కానీ ఉప్పు రాసి చేదు పిండేసి బెల్లం పులుసు పెట్టుకుని దాన్ని మందు అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. పచ్చిరసం గ్లాసుల కొద్దీ తాగితే కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు.

పొడపత్రి గుణం చిత్రమైనది. ఆకు నమిలి, వెంటనే నోట్లో చక్కెర వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది, తీపి తెలియదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కాసేపు అడ్డుకోవడమే దీనికి కారణం. తీపి మీద యావ చంపుకోలేనివారికి ఇది నిజంగా పనికొచ్చే సంగతి. కానీ నాలుకకు తీపి తెలియనంత మాత్రాన రక్తంలో చక్కెర తగ్గినట్టు కాదు. 1990లో మద్రాసు పరిశోధకులు 22 మంది టైప్ 2 రోగులకు మాత్రలతోపాటు రోజుకు 400 మిల్లీగ్రాముల సారం ఏడాదిన్నరకు పైగా ఇచ్చి మంచి ఫలితాలు చూపారు. ఆశ పుట్టించే ఫలితమే, కానీ మంది మరీ తక్కువ. పైగా వారు ఇచ్చింది తయారుచేసిన సారం. అంగట్లో దొరికే పొడిలో ఆ ఆమ్లాలు ఎంత ఉన్నాయో కొనేవారికి తెలియదు. మెంతులకు ఆ చిక్కు లేదు, గింజ కళ్లెదుటే ఉంటుంది.

మధుమేహానికి చెప్పే నేరేడు గింజల పొడికీ గట్టి ఆధారం కనబడదు. తిప్పతీగ విషయంలో జాగ్రత్త అవసరం. అది వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. వేరే జాతి తీగను పొరబాటున వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది గానీ, ఏ తీగ ఏదో పోల్చుకోలేనివారికి అదీ ప్రమాదమే కదా.

మొక్కల మీద నమ్మకంతో మాత్రను శత్రువులా చూసేవారికి ఒక సంగతి చెప్పాలి. మధుమేహానికి డాక్టర్లు ఎక్కువగా రాసే మెట్‌ఫార్మిన్ మాత్ర మూలం కూడా మొక్కే. ఐరోపాలో గలీగా అనే మొక్కలో దొరికిన పదార్థాల వెంట సాగిన పరిశోధనే దానికి దారి తీసింది. ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ 1957లో మధుమేహులపై దాని ఫలితాలు ప్రకటించాడు. అధిక బరువు ఉన్న మధుమేహుల్లో అది గుండెపోట్లను తగ్గించిందని 1998లో బ్రిటన్ అధ్యయనం చూపింది. ఇక్కడ చెప్పుకున్న ఏ మూలికకూ అలాంటి రుజువు లేదు.

ఏది ఎంచుకున్నా ఒక్కటే వాడాలి. మూడూ కలిపి మొదలుపెడితే చక్కెర దేనివల్ల తగ్గిందో తేలదు. వాడుతున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, ముఖ్యంగా చక్కెరను మరీ కిందికి దింపగల గ్లిమెపిరైడ్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటున్నవారు, ఎందుకంటే మూలిక, మందు రెండూ కలిసి చక్కెరను డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా కిందికి దింపితే చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళుతుంది. పరగడుపున, తిన్న రెండు గంటలకు వచ్చిన అంకెలను రాసిపెట్టుకుని, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) చేయించి, అది తగ్గకపోతే మెంతుల మోతాదు మరింత పెంచకుండా, ఆ కాగితాలతో డాక్టరు దగ్గరకు వెళ్లి మందు మార్చాలేమో అడగాలి.