కెమెరా తెర మీద వణికే చెయ్యి

ఇరవై రెట్ల జూమ్ ఉన్న ఈ చిన్న కెమెరా కొని అయిదేళ్లు దాటింది. బ్యాటరీ సగానికి పడిపోయింది, మిగతా అంతా బాగానే ఉంది. మొదటి ఏడాది మాత్రం నాకూ దానికీ పడలేదు. పొద్దు వాలితే చాలు, తెర మూల వణుకుతున్న చెయ్యి బొమ్మ కొట్టుకునేది. షాపుకి పట్టుకెళ్తే "మీ చెయ్యే వణుకుతోందండి" అన్నారు.

నిజానికి ఆ గుర్తుకి మన చేతి సంగతి తెలియదు. వెలుతురు చాలక షట్టర్ (లోపలికి వెలుతురు వదిలే తలుపు) ఎక్కువసేపు తెరుచుకోబోతోంది, అంతసేపు కదలకుండా పట్టుకోవడం కష్టం అని చెబుతుందంతే. పాత లెక్క ప్రకారం జూమ్ లాగకముందు, అంటే లెన్సు 25 ఎంఎం దగ్గర ఉన్నప్పుడు, 1/25 సెకను చాలు, 500 ఎంఎం దాకా జూమ్ లాగితే 1/500 కావాలి. చేతి వణుకుని సర్దే స్టెబిలైజర్ వల్ల కొంత వెసులుబాటు. పైగా ఈ లెన్సు జూమ్ లాగేకొద్దీ వెలుతురు తక్కువ తీసుకుంటుంది. నడిచి దగ్గరికెళ్లగలిగితే అదే మేలు.

ఫ్లాష్ వేస్తే గుర్తు మాయమవుతుంది. దానికి మురిసిపోకండి. ఆ ఫ్లాష్ నాలుగు మీటర్లు దాటితే ఉత్తదే.

అసలు దెబ్బ విజయనగరంలో సిరిమానోత్సవం నాడు తగిలింది. కోట దగ్గర నిలబడి, సిరిమాను (కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) మూడోసారి వచ్చినప్పుడు తీశాను. అప్పటికి వెలుతురు బాగా తగ్గింది. చెయ్యి గుర్తు రాలేదు కాబట్టి ధీమాగా ఇంటికొచ్చి చూస్తే, కోట గోడ స్పష్టంగా ఉంది, మాను కొసన కూర్చున్న పూజారిగారు పొగలా సాగిపోయారు. "ఏటిరా, పూజారిగార్ని చెరిపేసేవు?" అంది అమ్మ. ఫొటో వివరాల్లో చూస్తే షట్టర్ 1/30 సెకను. స్టెబిలైజర్ నా వణుకునే ఆపుతుంది, మాను ఊపుని కాదు. ఆ గుర్తు ఈ రెండో సంగతి ఎప్పుడూ చెప్పదు. ఈ కెమెరా మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే.

మరుసటి ఏడాది ఐఎస్ఓ (తక్కువ వెలుతురుకీ కెమెరా స్పందించేలా చేసే సెట్టింగు) 1600కి పెంచి, జూమ్ తగ్గించి, షట్టర్ని 1/250కి తెచ్చుకున్నాను. ఫొటో గరుకుగా వచ్చింది గానీ ముఖం కనబడింది.

రాత్రిపూట గంటస్తంభంలాంటివి తియ్యాలంటే కిలో బియ్యం పోసిన గుడ్డసంచీ పిట్టగోడ మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెడతాను. బటన్ నొక్కినప్పుడు వచ్చే కుదుపు ఆలోగా సర్దుకుంటుంది. ట్రైపాడ్ మోత తప్పింది. ఒకసారి అమ్మ ఆ బియ్యం కాస్తా ఎసట్లో పోసేసింది. ఇప్పుడు సంచీలో ఇసుక ఉంది.