నాటాల్ వెళ్ళిన పూర్వీకుల "ఒరిజినల్ రికార్డు" కొనేవాళ్ళు జాగ్రత్త

చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఓడెక్కి వెళ్ళిన మన పూర్వీకుల వివరాలు వెతికి, ఓడ రికార్డుతో సహా ఫ్రేము కట్టి ఇంటికి పంపిస్తామని ఒక సర్వీసు ప్రచారం చేసుకుంటోంది. బ్యాంకులో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వాళ్ళ పేరు రాయను. రాసినా పెద్ద ఉపయోగం లేదు, రేపు ఇంకో పేరుతో దిగుతారు. పేరు మారినా అమ్మే సరుకు అదే కాబట్టి ఆ సరుకు ఎలా ఉంటుందో చెబుతాను.

మా పెదనాన్నకు వరసకు పెద్దతాత, అంటే వాళ్ళ తాతగారి సొంత అన్న, గంజాం కరువు తర్వాత మద్రాసు వెళ్ళి ఓడెక్కాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ కరువు 1889 నాటిది. ఆయన దగ్గర్నుంచి వచ్చిన ఒక ఉత్తరం కవరు మాత్రం ఇంకా ఉంది, దాని మీద వెరులం పోస్టాఫీసు ముద్ర కనిపిస్తుంది. వెరులం డర్బన్‌కు ఉత్తరాన ఉంది, మనవాళ్ళు చాలామంది స్థిరపడిన ఊరు. అక్కడ ఆయన సంతతి ఉంటే ఒక్కసారి మాట్లాడాలని పెదనాన్న కోరిక. కజిన్స్ అందరం తలా కొంత వేసుకుని 38,000 రూపాయలకు కుదుర్చుకున్నాం. సగం ముందు కట్టాం, మిగతా సగం పార్సిల్ వచ్చాక కట్టాలి. కవరు ఫోటో, ఊరి పేరు, ఇంట్లో చెప్పుకునే కథ అన్నీ వాళ్ళకు పంపాం.

పార్సిల్ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. టీ రంగు కాగితం, అంచులు కాస్త కాల్చినట్టు, నల్ల సిరా చేతిరాత, కింద ఎర్ర సీలు. పైన పెద్ద అక్షరాల్లో "1860 సెట్లర్ ఫ్యామిలీ". పెద్దతాత 1869లో డర్బన్‌లో దిగాడని, అంతకుముందే వాళ్ళ నాన్న 1860లో ట్రూరో ఓడలో వెళ్ళాడని అందులో రాశారు. పక్కన తలపాగా చుట్టుకున్న ఒకాయన ఫోటో. పెదనాన్న ఆ ఫోటో కేసి చాలాసేపు చూసి, "మా నాన్న ముక్కే" అన్నారు. ఇక ఆయన ముందు ఎవరం నోరెత్తలేదు.

ట్రూరో పేరు ఊరికే వాడలేదు. మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరిన ట్రూరో, నాటాల్‌కు ఒప్పంద కూలీలను తీసుకెళ్ళిన మొదటి ఓడ. అక్కడి భారతీయ కుటుంబాల్లో ఆ ఓడకు చెప్పలేనంత గౌరవం ఉంది, ఆ తొలి తరాన్ని 1860 సెట్లర్లు అని పిలుచుకుంటారు. కానీ లెక్క చూడండి. 1860 నుంచి 1911 దాకా నాటాల్‌కు వెళ్ళిన ఒప్పంద కూలీలు మొత్తం 1,52,184 మంది. ట్రూరోలో దిగినవాళ్ళు 340 మంది పైచిలుకు, అంతే. ఈ సర్వీసు తమ ప్రచారంలో చూపించే శాంపిల్స్‌లో మాత్రం దాదాపు ప్రతి కుటుంబమూ ట్రూరోలోనే వచ్చింది. అంతమందిని ఎక్కిస్తే ఆ ఓడ మద్రాసు రేవులోనే మునిగిపోయేది.

ఇక 1869 సంగతి. 1866లో నాటాల్‌కు కూలీల రవాణా ఆగిపోయింది. వెనక్కి తిరిగొచ్చినవాళ్ళు అక్కడి యజమానుల మీద ఫిర్యాదులు చేశారు, అక్కడ 1872లో విచారణ కమిషన్ కూర్చుంది, కూలీల రక్షణకు ప్రొటెక్టర్ అనే అధికారిని పెట్టాక 1874లో గానీ ఓడలు మళ్ళీ కదల్లేదు. అంటే 1869లో ఒప్పంద కూలీగా డర్బన్‌లో దిగడానికి అసలు ఓడే లేదు. మీ చేతికి వచ్చిన కాగితంలో 1867 నుంచి 1873 మధ్య ఏ సంవత్సరం కనిపించినా అక్కడే ఆగి వివరణ అడగండి.

సీలు ఇంకా దారుణం. 1869 తేదీ వేసిన కాగితం మీద "దక్షిణాఫ్రికా ప్రభుత్వం" అని ఇంగ్లీషులో ముద్ర కొట్టారు. అప్పటికి ఆ ప్రభుత్వమే పుట్టలేదు. నాటాల్ అప్పుడు విడిగా ఒక బ్రిటిష్ కాలనీ, మిగతా కాలనీలతో కలిసి దక్షిణాఫ్రికా యూనియన్ అయింది 1910లో.

జిల్లా దగ్గర కూడా దొరికిపోయారు. సొంత జిల్లా అన్నచోట "శ్రీకాకుళం" అని ఉంది. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. ఆ రోజుల్లో శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలో ఉండేది, ఇంగ్లీషు కాగితాల్లో దాన్ని చికాకోల్ అని రాసేవాళ్ళు. మిగతా జిల్లాలవాళ్ళకూ ఇదే కొలబద్ద పనికొస్తుంది. చిత్తూరు జిల్లా 1911లో వచ్చింది, అంతకుముందు ఆ ఊళ్ళు చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉంటాయి. గుంటూరు 1904లో, పశ్చిమ గోదావరి 1925లో, విజయనగరం 1979లో జిల్లాలయ్యాయి. 1890 నాటి రికార్డులో విజయనగరం జిల్లా అని ఉంటే అది ఈమధ్య కంప్యూటర్‌లో టైపు చేసిందే. మీరు సొంతంగా వెతుక్కునేటప్పుడు కూడా నేటి జిల్లా పేరుతో వెతికితే ఏమీ దొరకదు, ఆనాటి జిల్లా, ఆనాటి స్పెల్లింగ్ పట్టుకోవాలి.

చేతిరాతను భూతద్దంతో చూసింది మా చెల్లి. ఇంగ్లీషు 'జి' అక్షరం ఎక్కడ వచ్చినా తోక అదే వంపు, అదే చోట సిరా చుక్క. మనిషి రాస్తే ఒక జి ఉన్నట్టు ఇంకో జి ఉండదు కదా, ఇది ఫాంటు. పైగా మా ఇంటిపేరు స్పెల్లింగ్ ఇప్పటి మా ఆధార్ కార్డులో ఉన్నట్టే పొల్లుపోకుండా ఉంది. నాటాల్ ఓడ జాబితాల్లో మామూలుగా మనిషి పేరు, తండ్రి పేరు ఉంటాయి తప్ప మన ఇంటిపేర్లు ఉండవు. ఉన్న పేరు కూడా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పడుతుంది. అప్పన్న అనే పేరునే నాలుగైదు రకాలుగా రాసి ఉంటారు.

నిజమైన జాబితా ఎలా ఉంటుందో తెలిస్తే ఇవన్నీ ఇట్టే పట్టుకోవచ్చు. అది వరసలు, గడులు ఉన్న రిజిస్టరు. ఒక్కో మనిషికి ఒక్కో వరస, అందులో కలోనియల్ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. చాలా వరసల్లో తర్వాత కలిపిన మాటలు కూడా ఉంటాయి, తిరిగి వెళ్ళిపోయాడనో, చనిపోయాడనో. ఫోటోలు ఉండవు. వలస కూలీల ఫోటోలు పెద్దఎత్తున తీసి దాచింది మారిషస్‌లో, అవి అక్కడ మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మాకు పంపిన తలపాగా ఆయన ఎవరో, ఏ దేశంలో దిగారో భగవంతుడికే తెలియాలి.

అన్నిటికంటే ముఖ్యం కలోనియల్ నంబరు. ఓడ దిగిన ప్రతి ఒప్పంద కూలీకీ ఒక నంబరు ఇచ్చేవాళ్ళు. పెళ్ళి నమోదైనా, తోట మారినా, ఫిర్యాదు చేసినా ఆ నంబరే వెంట నడిచేది. ఒకే ఊరి నుంచి ఇద్దరు అప్పన్నలు వెళ్ళినా విడదీసి చెప్పేది అదొక్కటే. మా సర్టిఫికెట్ మీద ఒక నంబరు ఉంది. క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఓడ జాబితాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అందులో మా నంబరు వెతికితే వచ్చింది ఉత్తర ఆర్కాటు నుంచి వెళ్ళిన ఒక ఆడమనిషి వరస! మా పెద్దతాతకూ ఆవిడకూ ఊరు కలవదు, కులం కలవదు, ఓడా కలవదు.

ఇది ముందు పెట్టి అడిగితే వచ్చిన జవాబు, "ఆర్కైవ్స్ వివరాలు డేటా ప్రైవసీ వల్ల ఇవ్వలేం." నూరేళ్ళు దాటిన ఓడ రిజిస్టరుకు ప్రైవసీ ఏమిటి? డర్బన్ ఆర్కైవ్స్‌లో, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో పరిశోధకులు రోజూ చూసే కాగితాలవి. రెండోసారి గట్టిగా అడిగితే, మీ ఇంట్లో చెప్పుకునే కరువు కథలో తేదీ తప్పు అయ్యుంటుందన్నారు. ఆ మాటకు పెదనాన్నకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

తర్వాత డీఎన్ఏ టెస్ట్ అంటగట్టబోయారు, అది చేయించుకుంటే "బంధుత్వం వంద శాతం రుజువు" అట. టెస్ట్ అబద్ధమని అనను. కానీ మేనరికాలు, ఒకే కులంలో సంబంధాలు తరతరాలుగా నడిచిన మన కుటుంబాల్లో ఇద్దరి మధ్య కలిసే డీఎన్ఏ ఎక్కువగా కనబడి, దూరపు చుట్టం కూడా దగ్గర చుట్టంలా లెక్క తేలుతుంది. కాగితం ఆధారం లేకుండా అదొక్కటీ పట్టుకుని చెట్టు గీస్తే ఎవరి కొమ్మకు ఎవరు వేలాడతారో చెప్పలేం.

వాళ్ళ దగ్గర "రంగం ప్యాకేజీ" కూడా ఉంది, రంగం అంటే బర్మాలోని రంగూన్. మన ఉత్తరాంధ్రవాళ్ళు దీనికి పడిపోయే ప్రమాదం ఎక్కువ, ప్రతి ఊళ్ళోనూ రంగూన్ వెళ్ళిన తాత ఒకరుంటారు కదా. బర్మాకు పోయింది ఎక్కువగా కూలీలను కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీల చేతుల మీదుగా సాగిన వలస, నాటాల్ లాంటి ఒప్పంద కూలీ పద్ధతి కాదు. వాళ్ళకు కలోనియల్ నంబర్లు ఉండవు. నంబరుతో సహా రంగూన్ సర్టిఫికెట్ ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి.

డబ్బు తీసుకుని నిజాయితీగా వెతికిపెట్టేవాళ్ళు లేకపోలేదు. డర్బన్‌లో ఉండి ఆర్కైవ్స్‌కు వెళ్ళి చూసే పరిశోధకులు గంటల లెక్కన తీసుకుంటారు, దొరక్కపోవచ్చని ముందే చెబుతారు. ఆ ఒక్క మాటతోనే తేడా తెలుస్తుంది. ఎవరికి ఇచ్చినా డబ్బు కట్టకముందే మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: కలోనియల్ నంబరు, ఆ రిజిస్టరు పేజీ మొత్తం ఫోటో, అది ఏ ఆర్కైవ్స్‌లో ఏ ఫైల్లో ఉందో. పేజీ మొత్తం అని ఎందుకంటున్నానంటే, ఒక్క వరస కత్తిరించి పంపితే పైన ఓడ పేరు ఏముందో, పక్కన ఎవరున్నారో మనకు కనబడదు. ఒకే ఊరివాళ్ళు వరసగా నమోదై ఉండటం చాలాసార్లు చూస్తాం, మనవాడి పేరు చెడిపోయినా పక్కవాళ్ళ ఊరిని బట్టి పట్టుకోవచ్చు.

సొంతంగా మొదలుపెట్టాలనుకుంటే మరణాల వైపు నుంచి రండి. ఆస్తి కొద్దిగా ఉన్నవాడు చనిపోయినా నాటాల్‌లో ఎస్టేట్ ఫైలు, అంటే పోయినవాళ్ళ ఆస్తి ఫైలు తెరిచేవాళ్ళు, అందులోని డెత్ నోటీసులో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, పిల్లల పేర్లు అడిగే గడులుంటాయి. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ సూచికలో పేరు కొట్టి వెతకడం ఉచితం. పూర్వీకుల రికార్డులు వెతికే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో కూడా నాటాల్ రికార్డులు కొన్ని డబ్బు కట్టకుండా చూడొచ్చు. డర్బన్‌లో 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది, వెరులం వైపు తెలుగు కుటుంబాల గురించి మేం ఇప్పుడు వాళ్ళకే రాశాం. ఒక సంగతి గుర్తుంచుకోండి, అక్కడ తండ్రి పేరే తర్వాతి తరానికి ఇంటిపేరుగా స్థిరపడిపోవడం మామూలు, మన ఇంటిపేరుతో వెతికితే మనవాళ్ళు కనబడరు.

రీఫండ్ అడిగితే మారిషస్ ప్యాకేజీ మీద డిస్కౌంట్ కూపన్ పంపించారు. రెండో సగం ఇంకా మా దగ్గరే ఉంది, అది కట్టకపోతే లీగల్ నోటీస్ ఇస్తామంటున్నారు. ఇవ్వనివ్వండి. మీ పార్సిల్‌లో కూడా తలపాగా, ఎడమ చేతికి కడియం, వెనక అరటి చెట్టు ఉన్న ఫోటో వచ్చి ఉంటే దయచేసి నాకు తెలియజేయండి. ఒకే ఫోటోను ఇద్దరి తాతలుగా అమ్మినట్టు చూపిస్తే ఫిర్యాదు గట్టిపడుతుందని బ్యాంకువాళ్ళు చెప్పారు.