దాగలీ సుత్తీ ఉన్న రోమన్ వెండి నాణెం

30 ఏళ్లుగా వెండి పని చేస్తున్నాను. రెండు వేల ఏళ్ల నాటి నాణెం మీద మా పనిముట్లు కనిపించేసరికి కొనకుండా ఉండలేకపోయాను.

క్రీ.పూ. 46లో రోమ్ టంకశాల అధికారి టి. కారిసియస్ వేయించిన డెనారియస్ అనే వెండి నాణెం ఇది. ముందువైపు జూనో మొనేటా దేవత ముఖం. ఆమె గుడి దగ్గరే టంకశాల ఉండేది, ఇంగ్లిష్‌లో మనీ అనే మాట మొనేటా అన్న పేరు నుంచే వచ్చింది. వెనక్కి తిప్పితే మధ్యలో దాగలి (లోహాన్ని పెట్టి కొట్టే ఇనుప దిమ్మ), ఒక పక్క పట్టుకారు, ఇంకో పక్క సుత్తి, చుట్టూ ఆకుల దండ. దాగలి పైన ఉన్నది రోమన్ల కమ్మరి దేవుడు వల్కన్ టోపీ అని కొందరంటారు. నా కంటికి మాత్రం అది నాణెం మీద బొమ్మ పడేలా సుత్తితో కొట్టే పై అచ్చే. పని తెలిసినవాడు దాగలి మీద టోపీ ఎందుకు పెడతాడు?

ఆ రోజుల్లో అధికారులు తమ వంశం గొప్పనో, దేవుళ్లనో వేయించుకునేవారు. సీజర్ డెనారియస్ మీదైతే పామును తొక్కే ఏనుగు ఉంటుంది. కారిసియస్ నాణెం పుట్టే తీరునే చూపించాడు. అందుకే ఇదంటే నాకు ప్రాణం.

నాకు వచ్చినది 3.8 గ్రాములు తూగింది. ఒక రోమన్ పౌండు (సుమారు 327 గ్రాముల) వెండికి 84 నాణేలన్న అప్పటి లెక్కకు దగ్గరే. దేవత జుట్టు పోగు పోగునా తెలుస్తోంది. కొట్టేటప్పుడు అచ్చు జరిగి, వెనకవైపు కారిసియస్ పేరు పై అంచు తెగింది. చేత్తో కొట్టిన నాణెం కదా, దానికి నేనేమీ అనను.

ఫిర్యాదు అమ్మినవాళ్ల మీదే. దేవత చెంప మీద చిన్న గాటు ఉంది. లోపల రాగి పెట్టి పైన వెండి తొడిగిన నకిలీలను పట్టుకోవడానికి అప్పటి డబ్బు వ్యాపారులు పెట్టే గుర్తు అది. మేం నగను గీకి చూసినట్టే. నాకది ఇష్టమే, కానీ వివరాల్లో రాయాలి, ఫొటోలో కనపడాలి. వివరాల్లో రాయలేదు, ఫొటోలో లైటు ఎక్కువై కనపడలేదు. అడిగితే అదే సాయంత్రం జవాబిచ్చి, వద్దంటే వెనక్కి తీసుకుంటామన్నారు. ఆ మర్యాద నచ్చింది.

అంతకంటే పెద్ద తప్పు, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపడం. ఎక్కువ కాలం అందులో ఉంటే వెండికి పచ్చటి జిగురు పడుతుంది. వెంటనే తీసి కాగితం కవర్లోకి మార్చాను.

నాణేనికి 5కి 5, దుకాణానికి 3.