సెకండ్స్ బెంజ్‌కి పాలిష్, సిరామిక్: గీతలన్నీ తీయనన్నవాడి దగ్గరే చేయించా

గీతలు తీసే పాలిష్‌కి, పెయింట్ మీద రక్షణగా వేసే సిరామిక్ పొరకి బిల్లు 31,500 అయింది. మూడు రోజులన్న పని అయిదు రోజులు పట్టింది. డిక్కీ మీద ఒక గీత ఇంకా అలాగే ఉంది. అయినా మళ్లీ పని పడితే ఆ షెడ్డుకే వెళ్తాను.

కారు 2017 మోడల్ బెంజ్ సి 220డి, ఆబ్సిడియన్ బ్లాక్. కొత్త బెంజ్ కొనే స్తోమత నాకు లేదు, కొత్త క్రెటా టాప్ మోడల్‌కి పెట్టే డబ్బులో సెకండ్స్‌లో బెంజ్ వస్తుంటే మనసు ఆగలేదు, అంతే. అమ్మినతను "ఒరిజినల్ పెయింట్ సార్, ఒక్క ప్యానెల్ కూడా టచ్ అవలేదు" అన్నాడు. నేను చూసింది సాయంత్రం ఆరు దాటాక, వాళ్ల లైట్ల కింద. నల్ల కారుని లైట్ల కింద చూసి కొనడమంటే దీపం వెలుగులో పట్టుచీర కొనడమే. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఎండలో నిలబెడితే బానెట్ నిండా సాలెగూడు. సూర్యుడి చుట్టూ గుండ్రంగా వేల సన్నగీతలు, నేను పక్కకి జరిగితే అవీ నాతో పాటే జరుగుతున్నాయి.

ఇవి ఎలా వస్తాయో మన అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున అయిదింటికి ఒకే బకెట్టు, ఒకే గుడ్డ, ఇరవై కార్లు. మొదటి కారు మీది ఇసుక ఆఖరి కారు దాకా ప్రయాణం చేస్తుంది. నీళ్లు లేని రోజు పొడిగుడ్డతో దులుపుతారు, అది ఇంకా ఘోరం. పాత ఓనరు ఏడేళ్లు ఇదే చేయించి ఉంటాడు, పాపం నెలనెలా డబ్బులిచ్చి మరీ.

మొదట తొందరపడి ఇంటి దగ్గర ఒక షాపులో మూడు వేలకి "రబ్బింగ్ పాలిష్" చేయించాను. (పేరెందుకులెండి, ఆ వీధిలో అన్నీ అలాంటివే.) సాయంత్రం కారు తీసుకుంటే అద్దంలా ఉంది, మా ఆవిడ అందులో బొట్టు సరిచేసుకుంది కూడా. రెండు వాషింగులయ్యాక సాలెగూడు తిరిగొచ్చింది, దాంతో పాటు కొత్తగా మరొకటి: ఎండలో అటూ ఇటూ ఊగే పొగలాంటి చారలు. వీటిని హోలోగ్రామ్ అంటారట. ఒకే దిక్కున గిరగిరా తిరిగే రోటరీ మిషన్‌ని ఊలు ప్యాడ్‌తో నడిపించి, తర్వాత సన్నపాలిష్ వేయకుండా వదిలేస్తే అవి పడతాయి. ఆ మొదటిరోజు మెరుపంతా పాలిష్‌లో ఉండే నూనెలది, ఫిల్లర్లది. గీతని తీయవు, పూడుస్తాయి. షాంపూ పడగానే పూడిక పోతుంది. ముఖానికి పౌడరు రాసినట్టే.

ఆ దెబ్బతో కాస్త చదువుకున్నాను, నలుగురిని అడిగాను, చివరికి హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు ఒక రేకుల షెడ్డు దొరికింది. బోర్డు సరిగ్గా లేదు, ఏసీ వెయిటింగ్ రూము లేదు, ఓనరు, ఇంకో కుర్రాడు, ఒకేసారి రెండు కార్లకి మించి పట్టదు. ఓనరు ఇంతకు ముందు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పెయింట్ సెక్షన్‌లో చేశాడట. రేటు అడిగితే చెప్పలేదు. "ముందు కొలుద్దాం సార్" అన్నాడు. నాకు ఆ మాట దగ్గరే నమ్మకం కుదిరింది, ఎందుకంటే అప్పటికి నేను ఫోన్ చేసిన మూడు షాపుల్లోనూ కారు చూడకుండానే ప్యాకేజీ పేర్లు చెప్పారు, గోల్డ్, ప్లాటినం, డైమండ్ అంటూ, నగల కొట్టులో లాగా.

కొలిచేది పెయింట్ మందం. చేతిలో పట్టే చిన్న మీటరు, ప్యానెల్‌కి ఆనిస్తే మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అంకె చూపిస్తుంది. కంపెనీ పెయింట్ ప్రైమర్ నుంచి పై క్లియర్ కోట్ దాకా అంతా కలిపితే మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లలోపు ఉంటుంది, అంటే ఒక మందపాటి కాగితమంత. అందులో పైనుండే పారదర్శక పొర, పాలిష్‌తో మనం అరగదీసేది ఆ పొరనే, 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కంటే పల్చన. గీతలు తీయడమంటే గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరని అరగదీసి సమం చేయడమే, వేరే మాయ ఏం లేదు. కాబట్టి ఎంత ఉందో తెలియకుండా మిషన్ పెట్టేవాడు మన కారు ఆయుష్షుతో ఆడుకుంటున్నాడన్నమాట. ఇంకో సంగతి, ఈ సి క్లాస్ బానెట్, డోర్లు అల్యూమినియం. ఇనుము మీద మాత్రమే పనిచేసే చవక మీటర్లు అక్కడ ఏమీ చూపించవు. మా బావ దగ్గర ఉన్నది అలాంటిదే, అది పాడైందనుకుని నేను బ్యాటరీ కూడా మార్చాను.

అంకెలు ఒక్కొక్కటే చెబుతూ టేప్ ముక్కల మీద రాసి అక్కడే అంటించాడు. రూఫ్ 121. బానెట్ 114. కుడి డోర్లు 118, 116. ఎడమ ముందు డోర్ 265. ఎడమ వెనక చక్రం పైన 740. నా ముఖం చూసి కుర్రాడు నవ్వాపుకున్నాడు. 265 అంటే మళ్లీ పెయింట్ వేశారు, 740 అంటే కింద పుట్టీ ఉంది, అంటే గట్టిగానే తగిలింది. "ఒక్క ప్యానెల్ కూడా టచ్ అవలేదు" అన్న మహానుభావుడికి అక్కడి నుంచే ఫోన్ చేశాను, ఎత్తలేదు. సెకండ్స్ కారు కొనేవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే, ఈ మీటరున్నవాడిని కొనకముందే తీసుకెళ్లండి, కొన్నాక కాదు.

డిక్కీ అంచు దగ్గర అంకె 83. అక్కడే జానెడు గీత, గోరు పెడితే ఆగుతుంది. అన్నింటికంటే ముందు నాకు పోవాల్సింది అదే. అతను రెండుసార్లు కొలిచి, మీటరు పక్కన పెట్టి, "ఇది నేను తీయను సార్" అన్నాడు. ఎవరో ఇప్పటికే అక్కడ బాగా అరగదీశారు, ఇంకా తీస్తే కింద రంగు బయటపడుతుంది, అప్పుడు డిక్కీ మొత్తం పెయింట్ వేయాలి. అంచులు గుండ్రంగా చేసి గీత కనబడకుండా తగ్గిస్తాను, పోగొట్టను అన్నాడు. డబ్బులెక్కువిస్తానన్నా ఒప్పుకోలేదు. బేరం ఆడి పని చేయించుకోవడం చూశాను గానీ బేరం ఆడినా పని చేయనన్నవాణ్ని చూడటం అదే మొదటిసారి.

మొదటిరోజంతా కడగడమే. ఫోమ్, రెండు బకెట్లు, తర్వాత ఒక స్ప్రే కొడితే కారు మీద అక్కడక్కడా ఊదారంగు చుక్కలు కారాయి. బ్రేకుల నుంచి ఎగిరొచ్చి పెయింట్‌లో దిగబడిన ఇనుప రజను అది, మందుకి తగిలి రంగు మారుతుంది. కుళ్లిన గుడ్ల వాసన, లోపల ఉండలేకపోయాను. ఆ తర్వాత క్లే. మైసూర్‌పాక్ ముక్కంత మట్టి లాంటిది, తడిమీద రుద్దితే చేతికి తగిలే గరుకంతా పోయింది. రబ్బరు, నల్ల ప్లాస్టిక్ అంచులన్నింటికీ టేప్ వేశారు, దానికే గంటన్నర.

పాలిష్ మొదలుపెట్టే ముందు బానెట్ మీద అడుగు బై అడుగు చతురం టేప్‌తో కట్టి ట్రయల్ వేశాడు. ముందు మెత్తటి ప్యాడ్, సన్నపాలిష్. ఏమీ కదల్లేదు. బెంజ్ వాడు 2003 చివర్లోనే నానో కణాలు కలిపిన గట్టి క్లియర్ కోట్ మొదలుపెట్టాడు, దాని మీద గీత ఆలస్యంగా పడుతుంది, పడితే ఆలస్యంగానే పోతుంది. తర్వాత మైక్రోఫైబర్ ప్యాడ్, కాంపౌండ్, అంటే ఎక్కువగా అరగదీసే గరుకు పాలిష్. ఈసారి పోయాయి. మిషన్ డ్యూయల్ యాక్షన్, అంటే తిరుగుతూ అటూ ఇటూ కదులుతుంది కూడా, ఒకేచోట కాల్చేయదు, హోలోగ్రామ్ పడే భయం చాలా తక్కువ. ప్రతి దశ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, షట్టర్ దించేసి, టార్చి పెట్టి చూపించాడు. నూనె పోయాక కూడా గీత కనబడకపోతేనే అది పోయినట్టు. మూడు వేల షాపువాడు నాకు చూపించనిది ఇదే.

నాకు బాగా నచ్చిన భాగం ఎడమ డోర్ దగ్గర. బానెట్‌కి పనికొచ్చిన కాంపౌండే అక్కడ పెడితే మెరుపు బదులు మసక వచ్చింది. కంపెనీది కాకుండా బయటి షాపులో మళ్లీ వేసిన ఆ పెయింట్ మెత్తగా ఉందట. వెంటనే ఆపి, ప్యాడ్ మార్చి, సన్నపాలిష్‌తో మళ్లీ మొదటి నుంచి చేశాడు. ఒకే కారు, రెండు పెయింట్లు, రెండు పద్ధతులు. ప్యాకేజీ పేరు పెట్టి అమ్మేవాడు దీనికి ఆగడు. అన్నీ అయ్యాక బానెట్ కొలిస్తే 111, అంటే మూడు మైక్రాన్లు పోయింది.

మధ్యలో ఒక చిత్రం. సాలెగూడు తొలిగేకొద్దీ బానెట్ నడుమ ఇంకేదో తేలింది, దగ్గరికెళ్లి చూస్తే స్వస్తిక్, దానికింద "శ్రీ". పాత ఓనరు పూజ చేయించి పసుపు కుంకుమ ఎండలో రోజుల తరబడి వదిలేసినట్టున్నాడు, క్లియర్ కోట్‌లోకి దిగిపోయింది. కుర్రాడు మిషన్ ఆపి, "దేవుడి గుర్తు సార్, తీయమంటారా?" అని అడిగాడు. నేను ఏం చెప్పాలో తెలియక ఓనరు వైపు చూశాను. ఆయన "పైపైన తీద్దాం, అడుగున ఉన్నది ఎలాగూ రాదు" అన్నాడు. ఇప్పటికీ పొద్దున ఏటవాలు ఎండలో నీడలా కనబడుతుంది. మా అమ్మకి చూపిస్తే చేతులు జోడించింది.

సిరామిక్ సంగతి. రెండు పొరలు వేశాడు, చిన్న సీసాలోంచి గుడ్డ చుట్టిన స్పాంజి మీద చుక్కలు వేసుకుని, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. కాసేపటికి ఇంద్రధనుస్సులా రంగులు తేలతాయి, అప్పుడు తుడవాలి, ఆలస్యమైతే గట్టిపడి మరక మిగులుతుంది. నాకు మిగిలింది కూడా, కుడి వెనక హ్యాండిల్ కింద నల్లటి మరక, మర్నాడు వెళ్తే అక్కడ పాలిష్ చేసి మళ్లీ వేశాడు. ఈ పొర ఒకట్రెండు మైక్రాన్లే. 9హెచ్ అని డబ్బాల మీద గొప్పగా రాస్తారు, అది పెన్సిళ్ల గట్టిదనం కొలత, వజ్రానికి పది ఇచ్చే స్కేలు కాదు. తాళంచెవితో గీస్తే సిరామిక్ ఉన్నా గీత పడుతుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. ఇది చేసేదల్లా మురికి అంటకుండా, నీళ్లు జారిపోయేలా, పిట్ట రెట్టకి కాస్త వ్యవధి దొరికేలా చూడటం. కార్డు మీద అయిదేళ్ల వారంటీ అని ఉంది. ఆయన మాత్రం "బయట పార్కింగైతే రెండేళ్లు అనుకోండి సార్" అన్నాడు. ఆ కార్డు నిలవాలంటే ఆరు నెలలకోసారి డబ్బులిచ్చి మెయింటెనెన్స్ చేయించుకోవాలని వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంది, అది నాకు చెప్పకపోవడం మాత్రం నచ్చలేదు.

పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) కూడా అడిగాను. అది 150, 200 మైక్రాన్ల ప్లాస్టిక్ ఫిల్మ్, రాళ్లని నిజంగా ఆపేది అదే, సన్నగీతలు వేడికి వాటంతటవే కలిసిపోతాయి. కానీ కారంతా వేయాలంటే లక్ష దాటుతుంది, పైగా బయట పెయింట్ వేసిన ప్యానెళ్ల మీద వేస్తే రేపు పీకేటప్పుడు పెయింట్ కూడా ఊడి రావచ్చని ఆయనే వద్దన్నాడు. హెడ్‌లైట్లకి, డోర్ అంచులకి, హ్యాండిల్ గుంటల్లో గోళ్లు గీసుకునేచోట మాత్రం వేయించాను. బిల్లులో అదీ కలిపే ఉంది.

గొడవలూ ఉన్నాయి. రెండు రోజులు ఆలస్యం, ఆ రెండు రోజులూ ఫోన్ ఎత్తలేదు, నాకు టెన్షన్. గ్రిల్ సందుల్లో, అక్షరాల వెనక తెల్లగా పాలిష్ పొడి వదిలేశారు, నేనే టూత్‌బ్రష్‌తో తీసుకున్నాను. జీఎస్టీ బిల్లు రెండుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు. కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు, అదీ కుర్రాడు పెయింట్ డబ్బాలు దించితేనే.

నాలుగు నెలలైంది, ఒక వానాకాలం దాటింది. వాన పడితే కారు తనంతట తానే సగం కడుక్కుంటుంది. కానీ మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. సిరామిక్ మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి, ఎండకి ఆ ముత్యాలు ఆరి తెల్లటి చుక్కలవుతాయి. కోటింగ్ లేని కారుకన్నా దీనికే ఎక్కువ పడుతున్నాయేమో అనిపించింది. వెంటనే తుడిస్తే సమస్య లేదు, పడితే వెనిగర్‌లో సగానికి పైగా నీళ్లు కలిపి తుడిచి మంచినీళ్లతో కడిగేస్తే పోతున్నాయి, వారం వదిలేస్తే కుదరదు. తెల్లవారుజామున తుడిచే అబ్బాయికి బయట ముట్టుకోవద్దని చెప్పాను. చిన్నబుచ్చుకున్నాడు, "నేనేం పాడు చేశానన్నా" అన్నాడు. నెల డబ్బులు అలాగే ఇస్తున్నాను, లోపల, అద్దాలు తుడుస్తాడు. నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు ఇస్తే ఒకదానితో తన బండి తుడుచుకుంటున్నాడు, అది చూసి నాకు ముచ్చటేసింది.

మొన్న దసరాకి ఆయుధపూజ. అమ్మ పసుపు కుంకుమ గిన్నె పట్టుకుని తిన్నగా బానెట్ దగ్గరికే వచ్చింది. అయిదు రోజుల పని, 31,500, మూడు మైక్రాన్లు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఎలాగోలా ఒప్పించి ముందు అద్దం మీద పెట్టించాను. గంధం ఆరాక ఒకసారి బానెట్ వైపు చూసి, "సర్లే, ఆయన ముందే పెట్టేశాడుగా" అంది.